పదకొండు మందికీ ఒకే నాన్న

ఆ ఆస్పత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే. పెద్ద సర్జన్ దగ్గర్నుంచి గేటు కాడ వాచ్‌మన్ దాకా మిగతా అందరికీ ఆవిడ ఆవిరక్క. ఆపరేషన్లకు వాడే కత్తెరలు, పట్టకార్లు, గుడ్డలు ఆమె గదిలో ఆవిరికి ఉడికి బయటికొస్తే తప్ప పై అంతస్తులో ఒక్క కత్తీ కదలదు. ఆ గది నేలమాళిగలో, మెట్ల కింద ఉంది. కిటికీ లేదు. గదిలో మూడొంతులు యంత్రమే ఆక్రమించుకుంది. గుండ్రటి ఇనుప తలుపు, దానికి బస్సు స్టీరింగంత చక్రం, పైన రెండు గేజులు. మిగిలిన జాగాలో ఒక బల్ల, ఒక స్టూలు, ఆవిరక్క.

చూసేవాళ్ళకు ఆ పని సులువే. పరికరాలు లెక్క చూసి, మందపాటి నూలుగుడ్డలో రెండు పొరలుగా చుట్టి, పైన టేపు అంటించి, యంత్రంలో పెట్టి చక్రం బిగించాలి. ఆవిరి తగిలితే టేపు మీద చారలు నల్లబడతాయి. చారలు నల్లబడ్డాయి కదా అని పొట్లం పైకి పంపేస్తే ఆ మనిషికి సగం పనే వచ్చినట్టు. ఆవిరక్క ప్రతి పొట్లాన్నీ రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఒక్క క్షణం ఆగుతుంది. లోపల పిసరంత తడి మిగిలినా ఆ చేతులకు తెలిసిపోతుంది. తడి గుడ్డలోంచి బయటి మురికి లోపలికి దారి చేసుకుంటుంది కాబట్టి, అలాంటి పొట్లం ఎంత ఉడికినా పనికిరాదు. మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టి, మళ్ళీ ఉడకబెట్టాల్సిందే.

ఒకసారి పెద్ద సర్జన్ రోగిని బల్ల మీద పెట్టుకుని, పొట్లం ఇంకా రాలేదని మెట్లు దిగి వచ్చి కేకలేశాడు.

"తడిగా ఉంది సార్, ఇవ్వను. ఇంకో అరగంట," అందావిడ.

"నేను చెప్తున్నాను కదా, ఇయ్యి."

"మీ ఇంట్లోవాళ్ళే ఆ బల్ల మీద ఉంటే పట్టుకెళ్తారా సార్?"

సర్జన్ మెట్టు మీద కూర్చుని అరగంట ఆగాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ గదికి వచ్చి గొంతు పెంచలేదు. ఆవిరక్క ఈ సంగతి ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు. లిఫ్టు నడిపే పెద్దాయనే ఎక్కినవాళ్ళకల్లా చెప్పి, అరగంటను గంట చేశాడు.

ఆ యంత్రం మాట్లాడేదంతా ఇంగ్లీషే. స్టీమ్, ప్రెజర్, హోల్డ్, డ్రై, రిజెక్ట్. ఆవిరక్క ఏడో తరగతితో చదువు మానేసింది. అయినా ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ మాటలతోనే బతుకుతోంది. యంత్రంతో పాటు వచ్చిన లావుపాటి పుస్తకంలో బొమ్మలు చూసి, పాత ఆపరేటరును అడిగి, ఏ మాట దగ్గర ఏ మీట నొక్కాలో నేర్చుకుంది. అలాంటి మనిషికి ఇంగ్లీషు రాదని కొత్త యాజమాన్యం తేల్చేసింది.

యాజమాన్యం మారిన రెండో నెలలో హాజరు పట్టీ పక్కన ఒక నోటీసు అంటించారు. అది కూడా ఇంగ్లీషులోనే. మీకు ఇంగ్లీషు రాదు అన్న సంగతిని ఇంగ్లీషు రానివాళ్ళకు ఇంగ్లీషులో తెలియజేసిన ఆ మహానుభావుడెవరో గానీ, అతని బుర్రకు దండం పెట్టాలి. మందుల కౌంటరు అమ్మాయి చదివి సంగతి చెప్పింది. యంత్రాలు నడిపేవాళ్ళు, రోగులతో మాట్లాడేవాళ్ళు నెల రోజులు ఇంగ్లీషు క్లాసుకు రావాలి. ఆఖరున హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి పరీక్ష పెడతాడు. తమ గురించి తాము ఇంగ్లీషులో చెప్పుకోవాలి. తప్పినవాళ్ళు ఇప్పటి పని వదిలి నేల తుడిచే పనిలోకి వెళ్ళాలి.

నేల తుడవడం తక్కువ పని అని ఆవిరక్క ఏనాడూ అనుకోలేదు. చేరిన మొదటి ఏడాది ఆవిడ చేసింది అదే. కానీ ఆ గది వేరేవాళ్ళ చేతికి పోతే తడి పొట్లం పట్టుకునేదెవరు? పైగా ఆవిడకు ఇంగ్లీషు నిజంగానే కావాలి. కొత్తగా వచ్చిన నర్సుల సూపర్‌వైజరుకు మన భాష ముక్క రాదు. మొన్నామధ్య సరిగా ఆరని పొట్లం ఆమె లాక్కోబోతే, ఆవిరక్క నోట మాట రాక పొట్లాన్ని గుండెలకు అదుముకుని నిలబడింది. దానికి 'దురుసు మనిషి' అని పైకి ఫిర్యాదు వెళ్ళింది. అందుకని క్లాసు అనగానే ముందు తిట్టుకున్నా, తర్వాత వంద పేజీల నోటుబుక్కు కొనుక్కుని మరీ వెళ్ళింది.

క్లాసు మూడో అంతస్తులో ట్రైనింగ్ హాల్లో, సాయంత్రం నాలుగింటికి, డ్యూటీ దిగాక. పదకొండు మంది. చెప్పేది పాతికేళ్ళ అమ్మాయి, మేడమ్ అనాలి. మొదటి రోజే బోర్డు మీద పెద్దక్షరాలతో ఒక నియమం రాసింది. ఈ గదిలో ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినపడకూడదు, సందేహాలుంటే ఇంగ్లీషులోనే అడగాలి. దాంతో పదకొండు మంది సందేహాలూ ఒక్క దెబ్బతో తీరిపోయాయి. లిఫ్టులో పది మందిని నవ్వించనిదే దించని పెద్దాయన నోట్లో నాలుక లేనివాడిలా కూర్చున్నాడు. వాచ్‌మన్ అయితే కిటికీలోంచి తన గేటు వైపే చూసేవాడు. మేడమ్ "అర్థమైందా?" అని ఇంగ్లీషులో అడగ్గానే పదకొండు తలకాయలు గంగిరెద్దుల్లా ఊగేవి. ఆ ఊపు చూసుకుని ఆ పిల్ల తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయేది.

ఆ పాఠాలు చూడాలి! విమానాశ్రయంలో సామాను ఎక్కడ ఇవ్వాలో ఎలా అడగాలి. హోటల్లో సముద్రం కనిపించే గది కావాలంటే ఏమనాలి. వంటమనిషి వండింది సరిగ్గా కుదరకపోతే మర్యాదగా ఎలా తిప్పి పంపాలి. ఆవిరక్కకు కావలసినవి మూడే ముక్కలు. తలుపు రబ్బరు అరిగింది. ఆవిరి కారుతోంది. ఈ పొట్లం ఇవ్వను. ఆ మూడూ ఆ పుస్తకంలో అట్ట నుంచి అట్ట దాకా ఎక్కడా లేవు. రెండో వారంలో ఒకరోజు ఉండబట్టలేక లేచి, మన భాషలోనే అడిగేసింది. మేడమ్ చిరునవ్వుతో వేలు పెదవుల మీద పెట్టుకుని, బోర్డు మీది నియమం చూపించింది. నలభై మూడేళ్ళ మనిషి, సర్జన్ను మెట్ల మీద కూర్చోబెట్టిన మనిషి, ఒకటో తరగతి పిల్లలా మళ్ళీ కూర్చుంది. చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనైంది.

మూడో వారంలో కాగితం వచ్చింది.

ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం. దాని మీద పన్నెండు వాక్యాలు. ఇంగ్లీషులో పైన, మన అక్షరాల్లో పలికే తీరు కింద. "ఇది మీ గురించి మీరు చెప్పుకోవాల్సింది. బట్టీ పట్టండి. పేరు ఒక్కటే మార్చండి, ఇంకేమీ ముట్టుకోకండి," అని మేడమ్ సైగలతో, ఇంగ్లీషుతో కలిపి చెప్పింది. ఆ రోజు నుంచి గంటసేపూ అదే పని. అందరూ కలిసి గొంతెత్తి చదవడం, ఆ తర్వాత ఒక్కొక్కరు లేచి అప్పజెప్పడం.

ఆ కాగితాన్ని ఆవిరక్క ఇంటికి తెచ్చి కూతురికి ఇచ్చింది. కూతురు ఇంగ్లీషు మీడియంలో తొమ్మిదో తరగతి. మంచం మీద బోర్లా పడుకుని చదువుతూ, ఒక్కో వాక్యానికీ అర్థం చెప్పుకుంటూ పోయింది.

"మా నాన్న స్కూలు టీచరు. ఇదేంటమ్మా, తాతయ్య తాపీ పని కదా చేసేవాడు? నాకు ఒక అన్నయ్య ఉన్నాడు. నీకెక్కడమ్మా అన్నయ్య? మాది చిన్న కుటుంబం, సంతోషంగా ఉంటాం. నా హాబీలు పుస్తకాలు చదవడం, ఈత కొట్టడం." ఆ పిల్లకు నవ్వాగలేదు. "అమ్మా, ఈత కొడతావా నువ్వు?"

"లిఫ్టు పెద్దాయన కూడా కొడతాడు. వాచ్‌మన్ కూడా. పదకొండు మందిమీ ఈతే," అంది ఆవిరక్క. "పదకొండు మందికీ నాన్న స్కూలు టీచరే. ఇన్నేళ్ళు పక్కపక్కన పనిచేసి కూడా మేమంతా ఒకే తండ్రి పిల్లలమని తెలుసుకోలేకపోయాం."

"ఇదిగో, అమ్మమ్మ గురించి కూడా ఉంది. మా అమ్మ గృహిణి."

ఆవిరక్క తల్లి గోడకానుకుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అరవై ఎనిమిదేళ్ళు. అదే ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, తొమ్మిదేళ్ళ కిందట రిటైరైంది. వేడినీళ్ళకు, తెల్లపొడికి వేళ్ళు ఎంత అరిగిపోయాయంటే, వేలిముద్ర తీసే ఏ యంత్రమూ ఆమెను గుర్తుపట్టదు. ఆవిడే కూతుర్ని చెయ్యి పట్టుకుని ఆ ఆస్పత్రిలో చేర్చింది. "నువ్వు తడిలో చచ్చిపోకూడదు, యంత్రం నేర్చుకో," అని పాత ఆపరేటరు దగ్గర నిలబెట్టింది కూడా ఆవిడే.

"గృహిణి అంటే?" అంది తల్లి, మడత ఆపకుండా.

"అంటే ఇంట్లోనే ఉండేది అమ్మమ్మా. బయట పని చెయ్యనిది."

"ఎవరు చెప్పారు వాళ్ళకి?"

దుప్పటి నాలుగు మూలలూ కలిపి, అరచేత్తో సాపు చేసి, "సరేలే, చెప్పెయ్యి. వాళ్ళకేం కావాలో అదే చెప్పెయ్యి. నీ గది నీకుండాలి," అంది తల్లి. అని లేచి లోపలికి వెళ్ళింది. ఆ మాటలో కోపం లేదు. అదే ఆవిరక్కకు అరికాలి మంట నెత్తికెక్కించింది.

మర్నాడు క్లాసు అయ్యాక మేడమ్‌ను వరండాలో పట్టుకుంది. వరండాలో బోర్డు లేదు, నియమమూ లేదు.

"మేడమ్, ఈ కాగితంలో మా అమ్మది ఒక్క ముక్క మార్చి ఇవ్వండి. మా అమ్మ ఈ ఆస్పత్రిలోనే బట్టలుతికింది. ఆ మాట ఇంగ్లీషులో ఎలా అనాలో చెప్పండి చాలు. మిగతాదంతా మీ ఇష్టం. ఈత కూడా కొడతాను."

ఆ పిల్ల అటూ ఇటూ చూసి, మొదటిసారి మన భాషలో మాట్లాడింది. గొంతు పూర్తిగా మారిపోయింది.

"అక్కా, మార్చొద్దు. మారిస్తే తడబడతారు, తడబడితే తప్పుతారు. ఆయన దగ్గర ఐదు గళ్ళ ఫారం ఉంటుంది. పేరు, నాన్న, అమ్మ, కుటుంబం, హాబీలు. ఐదూ వినపడితే టిక్కు. పదకొండు మందిలో తొమ్మిది మంది పాసవ్వకపోతే నన్ను ఇంకో బ్యాచికి పిలవరు."

"అబద్ధం చెప్పి పాసవ్వమంటారా?"

"అందరూ చెప్పేది అదేనక్కా. నా ఇంటర్వ్యూలో నేను చెప్పిందీ అదే కాగితం. మా నాన్న రోడ్డు పక్కన సైకిళ్ళు బాగుచేస్తాడు. అక్కడ మాత్రం స్కూలు టీచరు."

అంత చిన్న పిల్ల అంత మామూలుగా ఆ మాట అనేసరికి జాలి పడాల్సింది. ఆవిరక్కకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. "మీ నాన్నకు తెలుసా?" అని అడిగింది. మేడమ్ బ్యాగు భుజానికి వేసుకుని మెట్లు దిగిపోయింది. కోపంలో ఆ పిల్ల మనసు గుచ్చానని ఆవిరక్కకు తెలుసు. అయినా వెనక్కి పిలవలేదు.

నిజానికి ఆవిరక్క లొంగిపోయింది. పరీక్షకు ముందు నాలుగు రోజులూ, యంత్రం ఆవిరి పట్టి ఉండే ఇరవై నిమిషాల్లో, గేజు ముల్లు చూస్తూ ఆ పన్నెండు వాక్యాలూ వల్లె వేసింది. తల్లి మాట నిజం. గది తనకుండాలి. ఉన్న మాట చెప్పి ఊరికి ఉపకారం చెయ్యమని తనను ఎవరడిగారు? నాలుగో రోజుకు పన్నెండు వాక్యాలూ తడబడకుండా వచ్చేశాయి. మధ్యలో ఆపి అడిగినా అక్కడ్నుంచి అందుకోగలిగేది. క్లాసులో అందరికంటే బాగా చెప్పింది కూడా ఆవిడే. మేడమ్ చప్పట్లు కొట్టించింది.

పరీక్ష శనివారం పొద్దున పదింటికి. పదకొండు మందీ ఉతికిన యూనిఫాంలు వేసుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. తలుపు తీసే ఉంది. లోపల చెప్పేదంతా బయటికి వినిపిస్తోంది. లిఫ్టు పెద్దాయన మొదట వెళ్ళాడు. మరో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, చేతులు కట్టుకుని నిలబడి, తన తండ్రి స్కూలు టీచరని, తల్లి గృహిణి అని, తనకు ఈతంటే ఇష్టమని గడగడా అప్పజెప్పాడు. తర్వాత వాచ్‌మన్. మళ్ళీ స్కూలు టీచరు, మళ్ళీ ఈత. ఆ తర్వాత రక్తపు సీసాలు ల్యాబుకు మోసే ఆవిడ. అదే తండ్రి, అదే అన్నయ్య. ఐదో మనిషి దగ్గరికొచ్చేసరికి బెంచీ మీద మిగిలినవాళ్ళు సిగ్గుతో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

ఆవిరక్కకు అప్పుడు ఒక ఆశ పుట్టింది. లోపలున్న మనిషి ఎంత మొద్దైనా, వరసగా ఐదుగురు ఒకే తండ్రిని చెబితే తల ఎత్తి "ఏంటిది?" అని అడగడా? అడిగితే బాగుండును అనుకుంది. పరీక్ష మొత్తం ఆగిపోయినా సరే, ఒక్కసారి అడిగితే చాలు. ఆయన అడగలేదు. "గుడ్. నెక్స్ట్," అన్నాడు. ప్రతి ఒక్కరికీ అంతే, గుడ్, నెక్స్ట్.

ఆరో మనిషి ఆవిరక్క.

లోపల బల్లకు అవతల హెడ్డాఫీసు ఆయన, పక్కన మేనేజరు, గోడవారగా చేతులు నలుపుకుంటూ మేడమ్. బల్ల మీద గుడ్డలా ఆస్పత్రి దుప్పటి పరిచారు. మూలన నీలిరంగు ముద్ర కనిపిస్తోంది. ఆయన ముందు టీ కప్పు ఉంది. కప్పును సాసరులో కాకుండా దుప్పటి మీదే పెట్టుకున్నాడు. కింద గుండ్రటి టీ మరక, దాని పక్కన ఇంకోటి. మరకల్లోకెల్లా మొండిది టీ మరక అనేది తల్లి. రక్తమైనా చన్నీళ్ళకు లొంగుతుంది, టీ లొంగదు. ఆవిరక్క ఆ మరకలు చూస్తూనే మొదలుపెట్టింది. పేరు చెప్పింది. మై ఫాదర్ ఈజ్ ఎ స్కూల్ టీచర్ అంది. చచ్చేదాకా తాపీ పట్టిన తండ్రి విషయంలో ఆ అబద్ధం బాగానే నోరు దాటింది.

"మై మదర్..." అంది.

ఆ తర్వాత మాట నాలుక మీదికి వచ్చి అక్కడే ఆగింది. మర్చిపోయి కాదు. నిద్రలో లేపి అడిగినా వచ్చే మాట అది. మేడమ్ గోడ దగ్గర్నుంచి పెదవులతో అందిస్తోంది కూడా. ఆవిరక్క ఆ పెదవుల వంక చూడలేదు. తనకు తెలిసిన ఇంగ్లీషు ఎక్కడెక్కడ ఉందో వెతుక్కుంది. లాండ్రీ యంత్రం మీట మీద ఒక మాట, గుడ్డల బీరువా మీద ఒక మాట, బయట బోర్డు మీద ఒక మాట.

"మై మదర్ వాష్ క్లాత్," అంది. "దిస్ హాస్పిటల్. థర్టీ ఇయర్స్."

ఇరవై ఒక్క ఏళ్ళలో ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడిన మొదటి నిజం అదే. అంతే, ఇక తప్పాను అనుకుంది.

హెడ్డాఫీసు ఆయన తల ఎత్తలేదు. మూడో గడిలో టిక్కు పెట్టాడు. ఆవిడ ఇంకేమీ చెప్పకుండానే నాలుగో గడిలో, ఐదో గడిలో కూడా పెట్టేసి, టీ గుటక వేసి, "గుడ్. నెక్స్ట్," అన్నాడు.

మేడమ్ మొహం వెలిగిపోయింది. మేనేజరు వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. గది దక్కింది. నేల తుడిచే పని తప్పింది. నిజం చెప్పింది, పాసు కూడా అయ్యింది, ఇంకేం కావాలి? తెలివైనవాళ్ళెవరైనా దండం పెట్టి బయటపడేవాళ్ళే. కానీ ఆవిరక్క కదల్లేదు. నాలుగు రోజులు గేజు ముందు నిలబడి తల్లిని అబద్ధం చెయ్యడానికి తను పడ్డ నరకం, ఇప్పుడు ఆ అబద్ధాన్ని వదలడానికి పడ్డ నరకం, రెండూ ఈ మనిషికి ఒకటే టిక్కు. అబద్ధమూ వినలేదు, నిజమూ వినలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం ఊదినవాడి బుగ్గలైనా చూస్తాడు, ఈయన అదీ లేదు.

"సార్, మీరు విన్లేదు," అంది మన భాషలో.

"అయిపోయిందమ్మా, పాసయ్యావు. వెళ్ళు," అన్నాడు మేనేజరు.

"ఆయన విన్లేదు సార్. మళ్ళీ చెప్తాను. పెన్ను పక్కన పెట్టి వినమనండి."

అని బల్ల మీద చెయ్యి వేసింది. ఫారం మీద కాదు, దుప్పటి మీద, ముద్ర ఉన్న మూల. హెడ్డాఫీసు ఆయన పొద్దుట్నుంచి మొదటిసారి తలెత్తి ఒక మనిషి మొహం చూశాడు. ఆవిడ ఒక్కో మాటా విడదీసి, గట్టిగా చెప్పింది. మై మదర్. వాష్ క్లాత్. దిస్ హాస్పిటల్. థర్టీ ఇయర్స్. బెంచీ మీద వాళ్ళంతా లేచి తలుపు దగ్గరికి వచ్చేశారు.

ఆయన ఫారం వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. కనుబొమలు ముడిచి, "హాబీస్?" అన్నాడు.

అదీ ఆయనకు వినిపించింది. ముప్పై ఏళ్ళ దుప్పట్లు వినిపించలేదు. ఐదో గడికి తగ్గ మాట రాలేదని మాత్రం వినిపించింది. ఆవిరక్క నోటికి ఇక ఇంగ్లీషు అడ్డం రాలేదు.

"హాబీలా? రాసుకోండి సార్. మీరు చేసిన మరకలు వదిలించడం మా అమ్మ హాబీ. మీ కత్తులు ఉడకబెట్టడం నా హాబీ. మా అమ్మ ఇంట్లో కూర్చుంటే మీ రోగులు నెత్తుటి దుప్పట్ల మీదే పడుకునేవాళ్ళు. ఆ ముక్క మీ కాగితంలో ఎక్కడుందో చూపించండి, బట్టీ పట్టి చెప్తాను."

హెడ్డాఫీసు ఆయన ఒక్క ముక్కా అర్థం కానట్టు మొహం పెట్టి మేనేజరు వైపు తిరిగాడు. కిందికి దిగేటప్పుడు లిఫ్టులో ఆయన ఫోనులో డ్రైవర్ను మన భాషలోనే బండబూతులు తిట్టాడని తర్వాత లిఫ్టు పెద్దాయన చెప్పాడు. అప్పటికి మాత్రం మేనేజరు ఆయన చెవిలో ఇంగ్లీషులో ఏదో నమిలాడు. ఆయన ఐదు టిక్కుల మీదుగా ఒక అడ్డగీత గీసి, కింద రెండు ముక్కలు రాశాడు. "ప్రవర్తన బాగాలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష. సోమవారం నుంచి రెండో అంతస్తు ఊడ్చి తుడవాలి," అని మేనేజరు వివరించాడు. మిగతా పది మందీ పాసయ్యారు.

మేడమ్ లెక్క తప్పలేదు, తొమ్మిది దాటింది. వరండాలో ఎదురైనప్పుడు ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. ఆవిరక్క ఆగకుండా నేలమాళిగకు దిగి, ఆ పూట ఉన్న నాలుగు పొట్లాలూ చేత్తో చూసి, ఒకటి తడిగా ఉందని పక్కన పెట్టి, తాళం బల్ల మీద ఉంచి ఇంటికి వెళ్ళింది.

తల్లి సంగతంతా విని తోక తొక్కిన తాచులా లేచింది.

"నీకు మతి ఉందా? నేనడిగానా నా గురించి చెప్పమని? టిక్కు పెట్టాడు కదే, పెట్టాక నోరు మూసుకుని రావడానికేం? చేతులు కుళ్ళిపోయేదాకా ఉతికింది, నువ్వు పోయి బకెట్టు పట్టుకోవడానికా? ఎవరి కోసం చేశావు ఇది? నా కోసమని మాత్రం అనకు, చెంప పగిలిపోతుంది."

ఆవిరక్క తలొంచుకుని పడింది. తల్లి ఆ మధ్యాహ్నమంతా గిన్నెలు విసిరికొడుతూ తిడుతూనే ఉంది. ఆస్పత్రిని తిట్టింది, మేనేజర్ను తిట్టింది, మళ్ళీ కూతురి దగ్గరికే వచ్చి తిట్టింది. నాలుగింటికి గొంతు పోయి, గోడకానుకుని కూర్చుంది. చాలాసేపు అరిగిన వేళ్ళు చూసుకుంది.

"ఏదీ, ఏమన్నావో చెప్పు," అంది, తల తిప్పకుండా.

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"చెప్పమన్నాను. వాడితో అన్నట్టే చెప్పు."

ఆవిరక్క గొంతు సవరించుకుంది. "మై మదర్ వాష్ క్లాత్. దిస్ హాస్పిటల్. థర్టీ ఇయర్స్."

"ఆఖరిదేంటి?"

"ముప్పై ఏళ్ళని."

తల్లి గిర్రున తిరిగింది. మధ్యాహ్నమంతా తిట్టిన తిట్లలో లేని కోపం ఇప్పుడు ఆ కళ్ళలో ఉంది.

"ముప్పై అని ఎవరు చెప్పారే నీకు?"

"నీ రిటైర్మెంటు కాగితంలో అంతే ఉంది కదమ్మా."

"ఆ కాగితం రాసింది ఎవరు? వాళ్ళే కదా! మొదటి మూడేళ్ళు పట్టీలో నా పేరే ఎక్కించలేదు, రోజుకూలీ అన్నారు. నడక రాని నిన్ను దుప్పట్ల మూట మీద పడుకోబెట్టి ఉతికాను. ముప్పై కాదు, ముప్పై మూడు. వాళ్ళు మింగేసిన మూడేళ్ళు, వాళ్ళ ముందే నిలబడి నువ్వు కూడా మింగి వచ్చావా?"

తల్లి అప్పటికే మనవరాలి వైపు తిరిగింది.

"ముప్పై మూడుని ఇంగ్లీషులో ఏమంటారే?"

"థర్టీ త్రీ, అమ్మమ్మా."

"విన్నావుగా," అంది తల్లి కూతురితో. "సోమవారం బకెట్టు పట్టుకునే ముందు ఆ మేనేజరు గదికి వెళ్ళు. వెళ్ళి సరిగ్గా చెప్పి రా."